పాస్‌వర్డ్ పొడవుకు పరిమితి ఎంత, దాన్ని ఎక్కడ పెట్టాలి? ఒక్కో వేదికలో ఒక్కో లెక్క వస్తోంది

కొండాపూర్_కీబోర్డ్

పత్రాలను గుప్తీకరించి దాచుకునే ఒక చిన్న సాఫ్ట్‌వేర్‌ను మా బృందం తయారుచేస్తోంది. విండోస్, మ్యాక్, లినక్స్‌లకు కమాండ్ లైన్ రూపం ఉంది, ఆండ్రాయిడ్‌కూ ఐఫోన్‌కూ యాప్‌లు ఉన్నాయి, బ్రౌజర్‌లో వాడుకునేవారికి వెబ్ పేజీ ఉంది, వీటన్నిటి వెనుక గో భాషలో రాసిన సర్వర్ ఒకటి నడుస్తోంది. సర్వర్ ఖాతా పాస్‌వర్డ్‌ను బీక్రిప్ట్ అనే పద్ధతితో హ్యాష్ చేస్తున్నాము, అంటే వెనక్కి తిప్పలేని, ఒకే పొడవుండే ముద్రగా మార్చి దాస్తున్నాము. పత్రాల పెట్టెను తెరిచే పాస్‌వర్డ్ మాత్రం వినియోగదారుని పరికరం దాటి బయటికి పోదు, దాని నుంచి తాళాన్ని పీబీకేడీఎఫ్2 అనే మరో పద్ధతితో తీస్తాము. పాస్‌వర్డ్ 16 అక్షరాలకు మించకూడదని క్లయింట్ పత్రంలో రాసి ఇచ్చారు, మేమూ అన్ని చోట్లా 16 అనే పెట్టాము. తెలుగులో పాస్‌వర్డ్ పెట్టుకున్న ఒకరికి వెబ్‌లో ఖాతా తెరుచుకుంది, అదే పాస్‌వర్డ్‌ను ఐఫోన్ యాప్ ఏ అభ్యంతరమూ లేకుండా తీసుకుంది, సర్వర్ మాత్రం పొడవు ఎక్కువైందని తిప్పి పంపింది. పెట్టిన సంఖ్య ఒకటే అయినప్పుడు ఫలితాలు ఇన్ని రకాలుగా ఎందుకు వస్తున్నాయి? అసలు ఎంత పరిమితి పెట్టడం సమంజసం?

అమీర్‌పేట్_బ్యాచ్

ఆ 16 ఎక్కడి నుంచి వచ్చిందో ముందు కనుక్కోండి. డేటాబేస్‌లో పాస్‌వర్డ్ కాలమ్‌కు 16 అక్షరాల చోటే ఉంది కాబట్టి ఆ పరిమితి వచ్చిందని చెబితే, మీరు భయపడవలసింది పొడవు గురించి కాదు. హ్యాష్ చేసి దాచే చోట పాస్‌వర్డ్ ఎంత పొడవున్నా హ్యాష్ పొడవు మారదు, కాబట్టి కాలమ్‌కు పాస్‌వర్డ్ పొడవుతో పని ఉండకూడదు.

కొండాపూర్_కీబోర్డ్

హ్యాష్ చేసే దాస్తున్నాము, అందులో సందేహం లేదు. క్లయింట్ వారి పాత డెస్క్‌టాప్ ఉత్పత్తిలో ఆ సంఖ్య ఉండేదట, అక్కడి నుంచి యథాతథంగా దించారు.

బైట్ల_లెక్క

మీ ప్రశ్నలో 'అక్షరం' అన్న చోటే చిక్కు ఉంది, ఎందుకంటే మీరు వాడుతున్న భాషలన్నీ దాన్ని ఒకేలా లెక్కపెట్టవు. ఒక ఉదాహరణ తీసుకుని లెక్క కడదాం. పాస్‌వర్డ్ 'హైదరాబాద్ బిర్యానీ గోల్కొండ' అనుకోండి. కంటికి కనిపించే అక్షరాలూ ఖాళీలూ కలిపితే 13. యూనికోడ్ (లిపులన్నిటికీ సంఖ్యలిచ్చే ప్రమాణం) సంకేతాలుగా లెక్కిస్తే 27, ఎందుకంటే గుణింతపు గుర్తులూ పొల్లులూ సున్నా అన్నీ విడివిడి సంకేతాలే. ఆ సంకేతాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ప్రతిదీ 3 బైట్లు తింటుంది, ఖాళీకి ఒక బైటు చాలు, కాబట్టి మొత్తం 77 బైట్లు.

ఐఫోన్ యాప్‌లు రాసే స్విఫ్ట్ భాషలో కౌంట్ అడిగితే కంటికి కనిపించే లెక్కకు దగ్గరగా చెబుతుంది. జావాస్క్రిప్ట్, జావా, కోట్లిన్, సీ షార్ప్ యూటీఎఫ్-16 ముక్కలను (16 బిట్లవి) లెక్కిస్తాయి, తెలుగుకైతే అది 27 అవుతుంది, ఎమోజీ ఒకటి చేరిస్తే దానికి 2 కలుపుతాయి. పైథాన్ 3 సంకేతాలను లెక్కిస్తుంది. గో, రస్ట్, పీహెచ్‌పీలోని స్టర్‌లెన్ బైట్లను లెక్కిస్తాయి. మీ 16 పరిమితి ప్రకారం ఐఫోన్‌లో 13 వచ్చింది కాబట్టి సరిపోయింది, సర్వర్‌లో 77 వచ్చింది కాబట్టి ఆగిపోయింది. ఎవరి లెక్కలో వారు సరిగ్గానే ఉన్నారు.

స్విఫ్ట్ లెక్కను నమ్ముకుని పరిమితి పెట్టడంలో ఇంకొక ప్రమాదం ఉంది. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 తెలుగు సంయుక్తాక్షరాలను ఒకే అక్షరంగా కలిపి లెక్కించమని నియమం మార్చింది. పాత నియమం ప్రకారం 'ర్యా' రెండు, 'ల్కొం' రెండు, కాబట్టి పై ఉదాహరణ 15 అవుతుంది. ఆపరేటింగ్ సిస్టమ్ కొత్తదా పాతదా అన్నదాన్ని బట్టి అదే యాప్ వేరే సంఖ్య చెప్పగలదు.

చింతల్‌బస్తీ_చాయ్

వెబ్ పేజీలో ఖాతా ఎలా తెరుచుకుందో ఇంకా ఎవరూ చెప్పలేదు. అక్కడ గడిలో పట్టే పొడవును నిర్ణయించే మ్యాక్స్‌లెంగ్త్ 16 పెట్టి ఉంటారు కదా?

కొండాపూర్_కీబోర్డ్

పెట్టాము. సర్వర్‌లోని 16 బైట్ల తనిఖీ లాగిన్ మార్గంలో మాత్రమే ఉంది, అది యాప్‌ల కోసం తరువాత చేర్చినది. ఖాతా తెరిచే మార్గంలో ఆ తనిఖీ లేదు.

చింతల్‌బస్తీ_చాయ్

అయితే జరిగింది ఇదీ. మ్యాక్స్‌లెంగ్త్ దాటి అతికిస్తే బ్రౌజర్ ఏమీ చెప్పకుండా మిగతాది కోసేస్తుంది, చేతితో కొడితే పదిహేడవ సంకేతం నుంచి పట్టించుకోదు. పాస్‌వర్డ్ గడిలో కనిపించేవి చుక్కలే కాబట్టి తేడా తెలియదు. 'మళ్లీ ఒకసారి టైపు చేయండి' అన్న రెండో గడి కూడా అక్కడే కోస్తుంది, అందువల్ల రెండూ సరిపోలుతాయి. మీ సర్వర్‌లో ఇప్పుడు నమోదైన పాస్‌వర్డ్ 'హైదరాబాద్ బిర్యా' వరకే.

అమీర్‌పేట్_బ్యాచ్

బిర్యానీని సగంలో ఆపిన సాఫ్ట్‌వేర్‌ను ఈ ఊళ్లో ఎవరూ క్షమించరు.

పాత_యూనిక్స్_పెద్దాయన

నిశ్శబ్దంగా కోయడం బ్రౌజర్లతో మొదలైన అలవాటు కాదు, మనకు ఈ వృత్తిలో వారసత్వంగా వచ్చినది. యూనిక్స్‌లోని పాత క్రిప్ట్ ఫంక్షన్ డీఈఎస్ అనే పాత గుప్తీకరణ పద్ధతి మీద ఆధారపడినది. అది పాస్‌వర్డ్‌లోని మొదటి 8 అక్షరాలలో ఒక్కొక్క దాని నుంచి 7 బిట్లు తీసుకుని 56 బిట్ల తాళాన్ని కూర్చేది, తొమ్మిదో అక్షరం నుంచి ఏమి రాసినా లెక్కలోకి వచ్చేది కాదు. విండోస్ వైపు పాత లాన్ మేనేజర్ హ్యాష్ 14 అక్షరాల దగ్గర ఆగేది. ఇంగ్లిషు అక్షరాలన్నిటినీ క్యాపిటల్ అక్షరాలుగా మార్చి, ఏడేసి చొప్పున రెండు ముక్కలు చేసి, విడివిడిగా హ్యాష్ చేసేది కాబట్టి 14 అన్న సంఖ్య కూడా నిజానికి రెండు ఏడులే. 14 దాటిన పాస్‌వర్డ్‌ను నెట్ యూజర్ ఆదేశంతో పెడితే, విండోస్ 2000 కంటే ముందు నాటి కంప్యూటర్లలో ఈ ఖాతా పనిచేయదన్న హెచ్చరిక ఆ తరువాత కూడా చాలా కాలం వచ్చింది.

కమాండ్ లైన్ రూపం రాస్తున్నారు కాబట్టి టెర్మినల్‌లో పాస్‌వర్డ్ అడిగి చదివే గెట్‌పాస్ ఫంక్షన్ సంగతి ప్రత్యేకంగా చెబుతున్నాను. లినక్స్‌లోని సీ లైబ్రరీ అయిన గ్లిబ్‌సీలో దానికి పొడవు పరిమితి లేదు, మ్యాక్‌లో 128 దగ్గర ఆగుతుంది, సొలారిస్‌లో 8 దగ్గరే ఆగేది కాబట్టి అక్కడ పొడుగు వాటికి గెట్‌పాస్‌ఫ్రేజ్ అని వేరే ఫంక్షన్ పెట్టారు. యూనిక్స్ తరహా వ్యవస్థల ఉమ్మడి ప్రమాణమైన పోసిక్స్ 2001లోనే గెట్‌పాస్‌ను తీసేసింది. లినక్స్ మీద పరీక్షించి, అదే కోడ్‌ను మ్యాక్ మీద కంపైల్ చేసి పంపితే, 128 దాటినవారికి అక్కడ పెట్టె తెరుచుకోదు, ఎందుకు తెరుచుకోలేదో కూడా తెలియదు. ఓపెన్‌బీఎస్‌డీ నుంచి వచ్చిన రీడ్‌పాస్‌ఫ్రేజ్‌కు బఫర్ పరిమాణం మనమే ఇస్తాము, అది కాస్త నయం, కానీ అదీ నిండిన తరువాత వచ్చినవాటిని పారేస్తుంది. బఫర్‌ను మీ పరిమితి కంటే కొంచెం పెద్దదిగా ఇచ్చి, పరిమితి దాటినట్లు కనబడితే తిరస్కరించండి.

మ్యాక్‌లో క్రిప్ట్ ఫంక్షన్‌ను నేరుగా పిలవవద్దు. లినక్స్‌లో షా-512 అనే హ్యాష్ పద్ధతిని ఎంచుకునే ఉపసర్గతో సాల్ట్ (హ్యాష్ చేసేటప్పుడు కలిపే అదనపు అక్షరాలు) ఇస్తే అక్కడ అది పనిచేస్తుంది, మ్యాక్ దాన్ని గుర్తించక అందులోని మొదటి రెండు అక్షరాలనే సాల్ట్‌గా తీసుకుని పాత డీఈఎస్ చేసి ఇస్తుంది. పైథాన్‌లోని క్రిప్ట్ మాడ్యూల్‌ను 3.13లో తొలగించారు, అది మంచిపని.

ఎల్బీనగర్_లాజిక్

ఇంత గొడవ పడే బదులు ఇంగ్లిషు అక్షరాలు, అంకెలు, కీబోర్డు మీది గుర్తులు మాత్రమే వాడాలని నియమం పెడితే సరిపోతుంది కదా. అప్పుడు అక్షరం, సంకేతం, బైటు మూడూ ఒకటే అవుతాయి. వైఫై డబ్ల్యూపీఏ2 కూడా 8 నుంచి 63 ఆస్కీ అక్షరాలే అడుగుతుంది, ఎవరూ అభ్యంతరం చెప్పడం లేదు.

బైట్ల_లెక్క

వైఫై రూటరుకు తెలుగు కీబోర్డు లేదు, ఫోనుకు ఉంది. నలుగురు మనుషులకు గుర్తుండే పొడుగైన వాక్యం తెలుగులోనే తడుతుంది. దాన్ని ఇంగ్లిషు లిపిలో రాయమంటే ఒక్కో రోజు ఒక్కో స్పెల్లింగ్ వస్తుంది. పైగా మీ నియమం బీక్రిప్ట్ 72 బైట్ల సమస్యను తీర్చదు, మ్యాక్ గెట్‌పాస్ 128 సమస్యనూ తీర్చదు. తెలుగు వాడకపోతే ఆ గోడలు కొంచెం దూరంగా ఉంటాయి, అంతే.

ఎల్బీనగర్_లాజిక్

దూరంగా ఉన్న గోడకు తల తగలదు. అయినా అన్ని పరికరాల్లోనూ తెలుగు కీబోర్డు ఉండదన్నది మీరు మరచిపోతున్నారు. వేరొకరి ల్యాప్‌టాప్ నుంచి అత్యవసరంగా పెట్టె తెరవవలసి వచ్చినప్పుడు తెలుగులో ఎలా టైపు చేస్తారు? నిషేధించకపోయినా కనీసం హెచ్చరించాలి.

బైట్ల_లెక్క

హెచ్చరించడానికి నాకు అభ్యంతరం లేదు.

డిప్లాయ్_దుర్గ

72 బైట్ల సంగతి పైపైన వచ్చి పోయింది, ఈ చర్చలో అతి ముఖ్యమైనది అదే. బీక్రిప్ట్ పాస్‌వర్డ్‌లోని మొదటి 72 బైట్లను మాత్రమే తీసుకుంటుంది. తెలుగులో అది కేవలం 24 సంకేతాలు. పై ఉదాహరణలో కోత 'గోల్కొండ' మధ్యలో, సున్నా తాలూకు మొదటి బైటు దగ్గర పడుతుంది. తెలుగు సంకేతాలన్నిటికీ మొదటి బైటు ఒకటే కాబట్టి ఆ బైటు వల్ల ఒరిగేది కూడా ఏమీ లేదు. 'గోల్కొ' తరువాత ఏ తెలుగు అక్షరం కొట్టినా అలా కోసే సర్వర్ లోపలికి రానిస్తుంది.

ఇది పుస్తకాలలో మాత్రమే ఉన్న ముప్పు కాదు. 2024 అక్టోబరు 30న లాగిన్ సేవలందించే ఆక్టా సంస్థ తమ సేవలో సరిదిద్దినట్లు ప్రకటించిన లోపం సరిగ్గా ఇదే. ఒక రకం లాగిన్‌లో వారు క్యాష్ (తాత్కాలికంగా దాచుకునే చోటు) తాళాన్ని తయారుచేయడానికి వినియోగదారు సంఖ్య, పేరు, పాస్‌వర్డ్ మూడింటినీ వరుసగా అతికించి బీక్రిప్ట్‌కు ఇచ్చారు. వినియోగదారు పేరు 52 అక్షరాలు లేదా అంతకంటే ఎక్కువ ఉంటే, ముందటి రెండే 72 బైట్లను నింపేసేవి, పాస్‌వర్డ్ లెక్కలోకే వచ్చేది కాదు. కొన్ని పరిస్థితులు కలిసివస్తే పాస్‌వర్డ్ ఏదైనా లాగిన్ అయ్యేది. ఆ లోపం జులై 23 నుంచి ఉన్నదని వారే చెప్పారు, బీక్రిప్ట్ స్థానంలో పీబీకేడీఎఫ్2 పెట్టి సరిచేశారు.

ఇప్పుడు లైబ్రరీలు దారికి వస్తున్నాయి. గో బీక్రిప్ట్ హ్యాష్ తయారుచేసేటప్పుడు 72 బైట్లు దాటితే ఎర్రర్ ఇస్తుంది. పైథాన్ బీక్రిప్ట్ 5.0 కూడా, అంతకుముందు నిశ్శబ్దంగా కోసే స్వభావాన్ని వదిలి, ఎర్రర్ ఇస్తోంది. పీహెచ్‌పీ పాస్‌వర్డ్ హ్యాష్ ఫంక్షన్ బీక్రిప్ట్‌తో వాడినప్పుడు 72 దగ్గర కోస్తుందని వారి పత్రాల్లోనే రాసి ఉంది.

సైబర్‌టవర్స్_సతీష్

నా అభిప్రాయంలో పరిమితే ఉండకూడదు. వినియోగదారు ఎంత పొడవు పెట్టుకున్నా మనకు నష్టం లేదు, చివరికి హ్యాష్ ఒకే పొడవు వస్తుంది. పరిమితి ఉన్న ప్రతి చోటా ఎవరో ఒకరు ఇబ్బంది పడుతున్నారని ఈ చర్చే చెబుతోంది.

డిప్లాయ్_దుర్గ

సర్వర్‌కు నష్టం ఉంది సతీష్ గారూ. 2013 సెప్టెంబరులో జాంగో అనే వెబ్ సాఫ్ట్‌వేర్ వారు భద్రతా సవరణ విడుదల చేయవలసి వచ్చింది. అప్పటి వారి పీబీకేడీఎఫ్2 కోడ్, తాళం పొడవు హ్యాష్ బ్లాకు కంటే ఎక్కువైనప్పుడు, దాన్ని కుదించే పనిని ప్రతి ఆవృత్తిలోనూ మళ్లీ చేసేది. ఒక మెగాబైటు పాస్‌వర్డ్ పంపితే సర్వర్ సుమారు ఒక నిమిషం దాని మీదే కూర్చునేదని వారి ప్రకటనలో ఉంది. ఖాతా లేనివారు కూడా లాగిన్ పేజీకి అలాంటివి పంపగలరు. మొదట 4096 బైట్ల పరిమితి పెట్టారు, తరువాత కుదింపును ముందే ఒకసారి చేసేలా మార్చి ఆ పరిమితి తీసేశారు. అయినా అభ్యర్థన పరిమాణానికి ఎక్కడో ఒక కట్ట ఉండాలి. పరిమితి ఉండాలా అన్నది చర్చ కాదు, మనిషికి ఎప్పుడూ తగలనంత ఎత్తులో ఉండి, తగిలితే గట్టిగా చెప్పేలా ఉండాలన్నదే నా వాదన.

సైబర్‌టవర్స్_సతీష్

అభ్యర్థన పరిమాణానికి కట్ట పెట్టడం వెబ్ సర్వర్ పని, పాస్‌వర్డ్ కోడ్ పని కాదు. ఇందులో నా మాట మారదు. అయితే ఆ కట్ట ఎంతో వినియోగదారుకు తెలియాలన్నది ఒప్పుకుంటాను.

మెహదీపట్నం_ముందుచూపు

బీక్రిప్ట్‌ను వదలకుండానే దారి ఉంది. పాస్‌వర్డ్‌ను ముందు షా-256తో హ్యాష్ చేసి, ఆ ఫలితాన్ని బీక్రిప్ట్‌కు ఇస్తే పొడవు ఎప్పుడూ ఒకటే ఉంటుంది.

పాత_యూనిక్స్_పెద్దాయన

ఆ ఫలితాన్ని ముడి బైట్లుగా ఇస్తే పెద్ద గోతిలో పడతారు. చాలా బీక్రిప్ట్ కోడ్‌లు సీ భాష పద్ధతిలో సున్నా బైటు కనబడగానే ఆగిపోతాయి. షా-256 ఫలితంలో మొదటి బైటే సున్నా అయ్యే అవకాశం 256లో ఒకటి, అలాంటి పాస్‌వర్డ్‌లన్నీ ఖాళీ పాస్‌వర్డ్‌తో సమానమవుతాయి. బేస్64గా, అంటే మామూలు అక్షరాలుగా, మార్చి ఇవ్వాలి. షా-256కు 44 అక్షరాలు, షా-384కు 64 అక్షరాలు వస్తాయి, రెండూ 72 లోపే. షా-512కు 88 వస్తాయి కాబట్టి మళ్లీ కోతే.

డిప్లాయ్_దుర్గ

దానికి తోడు, అదే పాస్‌వర్డ్ తాలూకు సాదా షా-256 వేరే ఏదైనా సైటు నుంచి బయటపడి ఉంటే, దాడి చేసేవాడు అసలు పాస్‌వర్డ్ తెలియకుండానే ఆ హ్యాష్‌లను మీ బీక్రిప్ట్ మీద ప్రయోగించి, ఏది సరిపోతుందో చూడగలడు. అందుకని సాదా హ్యాష్ కాకుండా, సర్వర్ దగ్గరి రహస్యాన్ని కలిపి హ్యాష్ చేసే హెచ్‌మ్యాక్ వాడాలి. ఇన్ని జాగ్రత్తలు గుర్తుపెట్టుకునే కంటే బీక్రిప్ట్ బదులు ఆర్గాన్2ఐడీ అనే హ్యాష్ పద్ధతికి మారడం తేలిక. 2021లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9106 అనే సాంకేతిక పత్రం ప్రకారం పాస్‌వర్డ్ 4 గిగాబైట్లకు ఒక్క బైటు తక్కువ వరకు ఉండవచ్చు, మొదటి మెట్టులోనే అది చిన్న హ్యాష్‌గా మారిపోతుంది కాబట్టి పొడవు వల్ల ఖర్చు చెప్పుకోదగినంత పెరగదు.

కొండాపూర్_కీబోర్డ్

సర్వర్‌లో ఆర్గాన్2ఐడీ పెట్టగలము. పెట్టె తెరిచే చోట కష్టం, ఎందుకంటే బ్రౌజర్‌లలోని వెబ్ క్రిప్టోలో పీబీకేడీఎఫ్2 ఉంది కానీ ఆర్గాన్2 నేరుగా అందుబాటులో లేదు, వెబ్ అసెంబ్లీగా మోసుకుపోవాలి. ఆ ఆర్‌ఎఫ్‌సీలోని రెండో సిఫారసు 64 మెబీబైట్ల మెమరీ అడుగుతుంది, చవక ఫోన్లలో అది ఎలా నడుస్తుందో చూడవలసి ఉంది.

డిప్లాయ్_దుర్గ

అయితే పెట్టెకు పీబీకేడీఎఫ్2నే ఉంచండి, అది పాస్‌వర్డ్‌ను ఎక్కడా కోయదు. ముఖ్యమైనది ఏమిటంటే, ఆరు చోట్లా దానికి అందే బైట్లు ఒకటే కావాలి.

రామంతాపూర్_రోబో

ఆ చివరి వాక్యానికి ఆండ్రాయిడ్ చరిత్రలోనే ఉదాహరణ ఉంది. ఆండ్రాయిడ్ 4.4కు ముందు పీబీకేడీఎఫ్2 అందించే భాగం ప్రతి అక్షరంలోనూ కింది 8 బిట్లను మాత్రమే తీసుకునేది. 4.4లో దాన్ని యూటీఎఫ్-8కు మార్చారు, పాత ప్రవర్తన కావలసినవారికి 8బిట్ అన్న తోకతో వేరే పేరు ఇచ్చారు. ఆస్కీ పాస్‌వర్డ్‌లకు తేడా రాలేదు. తెలుగు పాస్‌వర్డ్‌తో గుప్తీకరించిన ఫైలు మాత్రం ఫోను అప్‌డేట్ తరువాత తెరుచుకోదు. అందుకే జావాలోనూ కోట్లిన్‌లోనూ పాస్‌వర్డ్‌ను అక్షరాల వరుసగా లైబ్రరీకి ఇవ్వకుండా, యూటీఎఫ్-8 బైట్లుగా మనమే మార్చి, బైట్లు తీసుకునే లైబ్రరీ వాడటం నా అలవాటు.

లిపి_లోకం

బైట్లు ఒకటే కావాలంటే యూటీఎఫ్-8 ఒక్కటే చాలదు. 'హైదరాబాద్' అన్న మాటలోని ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు విధాలుగా రాయవచ్చు. ఒకటి నేరుగా ఐత్వపు సంకేతం, రెండవది ఎత్వం, దాని వెనుక ఐత్వపు గుర్తు. తెరమీద రెండూ ఒకేలా కనిపిస్తాయి, యూటీఎఫ్-8లో మొదటిది 27 బైట్లు, రెండవది 30. తెలుగులో ఇలా విడిపోయే సంకేతం ఇదొక్కటే, అది మన ఊరి పేరులోనే ఉండడం విశేషం. కీబోర్డులు సాధారణంగా మొదటి రూపాన్నే ఇస్తాయి, కానీ ఎక్కడి నుంచో కాపీ చేసి అతికించినది రెండో రూపంలో ఉండవచ్చు. అందువల్ల హ్యాష్ చేయడానికీ, పొడవు కొలవడానికీ ముందే ఎన్‌ఎఫ్‌సీ అనే ఒకే ప్రామాణిక యూనికోడ్ రూపానికి మార్చాలి. ఆర్‌ఎఫ్‌సీ 8265 పాస్‌వర్డ్‌ల కోసం సూచించినది ఎన్‌ఎఫ్‌సీనే.

అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ వారి 800-63బీ పత్రం మూడో సవరణ మాత్రం ఎన్‌ఎఫ్‌కేసీ లేదా ఎన్‌ఎఫ్‌కేడీ అంది. ఆ రూపాలు పైన వేసిన చిన్న అంకెలను మామూలు అంకెలుగా మార్చడం వంటి పనులు కూడా చేస్తాయి. నేను ఎన్‌ఎఫ్‌సీ వైపే ఉన్నాను, ఎందుకంటే వినియోగదారు ఇచ్చిన తేడాను మనం చెరపకూడదు. ఇందులో వేరే అభిప్రాయం ఉన్నవారు ఉంటారని తెలుసు.

ఏ రూపమూ పట్టుకోనిది ఇంకొకటి ఉంది. 'సాఫ్ట్‌వేర్' వంటి మాటల్లో పొల్లు తరువాత అక్షరం కిందికి దిగకుండా ఆపే కనిపించని సంకేతాన్ని కొన్ని కీబోర్డులు తామే చేరుస్తాయి, కొన్ని మనల్ని కొట్టమంటాయి. దానికీ 3 బైట్లే. చుక్కల వెనుక అది ఉందో లేదో ఎవరికీ కనబడదు. కాబట్టి 'పాస్‌వర్డ్ చూపించు' అన్న కన్ను గుర్తు తప్పనిసరిగా పెట్టండి, పొల్లు తరువాతి అక్షరం ఎలా నిలిచిందో చూస్తేనే తేడా తెలుస్తుంది.

సైబర్‌టవర్స్_సతీష్

నేను ఎన్‌ఎఫ్‌కేసీ వైపు. కీబోర్డులు పూర్తి వెడల్పు అంకెలు ఇచ్చే దేశాల్లో మా ఉత్పత్తి వాడుతున్నారు, అక్కడ ఎన్‌ఎఫ్‌సీతో పని జరగదు.

నిశిరాత్రి_లాగ్స్

టెర్మినల్ సంగతి మిగిలిపోయింది. కొందరు పాస్‌వర్డ్ అడిగిన చోట పొడుగాటి టోకెన్ అతికిస్తారు. టెర్మినల్ వరుసలవారీ పద్ధతిలో ఉన్నప్పుడు లినక్స్ కెర్నెల్ ఒక వరుసకు 4096 వరకే తీసుకుంటుంది, మ్యాక్‌లో అది 1024. మ్యాక్‌లో 1024 దాటినది అతికిస్తే ఎంటర్ కొట్టినా కదలదు, ప్రోగ్రాం ఉరేసుకుందని అనుకుంటారు. ఆ పద్ధతిని ఆపివేసి, వచ్చిన బైట్లను వచ్చినట్లే మీరే చదువుకుంటే ఈ పరిమితి ఉండదు, బ్యాక్‌స్పేస్ వంటివి మాత్రం మీరే చూసుకోవాలి.

విండోస్ కన్సోల్‌లో రీడ్‌కన్సోల్‌డబ్ల్యూ వాడి యూటీఎఫ్-16లో చదివి, తరువాత యూటీఎఫ్-8కు మార్చండి. కోడ్ పేజీ 65001 పెట్టి మామూలు ఫైలులా చదివితే, పాత విండోస్‌లలో ఇంగ్లిషేతర అక్షరాల చోట సున్నా బైట్లు వచ్చేవి. పైపు ద్వారా పాస్‌వర్డ్ ఇచ్చేవారికి విండోస్‌లో వరుస చివర రెండు గుర్తులు వస్తాయి, ఒకటి తీసేసి రెండోది వదిలేస్తే పాస్‌వర్డ్‌కు కనిపించని తోక మిగులుతుంది.

పాస్‌వర్డ్‌ను పరికరంలో గుర్తుపెట్టుకునే సదుపాయం ఇస్తున్నట్లయితే, విండోస్ క్రెడెన్షియల్ మేనేజర్ ఒక్కో రహస్యానికి 2560 బైట్లే ఇస్తుంది. యూటీఎఫ్-16లో దాచితే 1280 ముక్కలు. మీ పరిమితి దీనికి లోబడి ఉండాలి.

బైట్ల_లెక్క

పరాయి ప్రోటోకాల్‌ల పరిమితులు కూడా ఉన్నాయి. సంస్థల నెట్‌వర్క్ లాగిన్‌కు వాడే రేడియస్ ద్వారా వెళ్లే పాస్‌వర్డ్‌కు 128 బైట్లు, సాక్స్5 ప్రాక్సీ పాస్‌వర్డ్‌కు 255 బైట్లు. సంస్థల ఖాతాలతో కలపబోతున్నట్లయితే అక్కడి పాస్‌వర్డ్‌కు మీ పరిమితి కాకుండా వారిదే వర్తిస్తుంది.

చింతల్‌బస్తీ_చాయ్

కనిష్ఠ పొడవు ఏమి పెట్టారు? నిస్ట్ 2025లో విడుదల చేసిన నాలుగో సవరణ, పాస్‌వర్డ్ ఒక్కటే తాళమైనప్పుడు కనీసం 15 అక్షరాలు ఉండాలంటోంది, గరిష్ఠ పరిమితి 64కు తక్కువ ఉండకపోవడం మంచిదంటోంది. ఈ పత్రం లెక్కలో ఒక యూనికోడ్ సంకేతం ఒక అక్షరం. మీ క్లయింట్ చెప్పిన 16తో కలిపితే, వినియోగదారుకు 15, 16 అన్న రెండే దారులు మిగులుతాయి.

కొండాపూర్_కీబోర్డ్

ఆ వాక్యాన్ని యథాతథంగా క్లయింట్‌కు చూపించాము, 16 పోయింది. ప్రస్తుతం అనుకుంటున్నది ఇది. పాస్‌వర్డ్‌ను అన్ని చోట్లా ముందు ఎన్‌ఎఫ్‌సీకి, తరువాత యూటీఎఫ్-8కు మారుస్తాము. కనిష్ఠం 15 సంకేతాలు, గరిష్ఠం 1024 బైట్లు, ఈ పని చేసే కోడ్ ఒక్కటే రస్ట్‌లో రాసి ఆరు చోట్లా దాన్నే పిలుస్తాము. మ్యాక్స్‌లెంగ్త్ తీసేస్తాము. సర్వర్‌లో ఆర్గాన్2ఐడీ. పాత బీక్రిప్ట్ ఖాతాల విషయంలో, లాగిన్ సమయంలో పాస్‌వర్డ్‌ను టైపు చేసినట్లుగానే తీసుకుని, 72 బైట్లకు కోసి, పాత హ్యాష్‌తో సరిచూసి, సరిపోతే పూర్తి పాస్‌వర్డ్‌ను ఆర్గాన్2ఐడీతో మళ్లీ హ్యాష్ చేసి దాచుతాము.

డిప్లాయ్_దుర్గ

చివరి మెట్టులో ఒక చిల్లు ఉంది. 72 బైట్ల తరువాతి భాగాన్ని పాత హ్యాష్ ఎన్నడూ సరిచూడలేదు. ఆ రోజు వినియోగదారు తోకలో ఒక అక్షరం తప్పు కొడితే, పాత హ్యాష్ ఒప్పుకుంటుంది, మీరు ఆ తప్పుతో సహా కొత్త హ్యాష్ దాచుతారు, మరునాడు అతను సరైన పాస్‌వర్డ్ కొడితే లోపలికి రాలేడు. ఇచ్చినది 72 బైట్లు దాటితే అక్కడికక్కడే మార్చకండి. లాగిన్ కానిచ్చి, కొత్త పాస్‌వర్డ్‌ను రెండుసార్లు అడిగి, అప్పుడు మార్చండి. ఎంతమందికి ఇలా అవసరమవుతుందో డేటాబేస్ చూసి చెప్పలేరు, బీక్రిప్ట్ హ్యాష్‌లో పొడవు ఉండదు.

చింతల్‌బస్తీ_చాయ్

మ్యాక్స్‌లెంగ్త్ కోసేసిన ఖాతాలను కూడా కలుపుకోండి. వాళ్ల హ్యాష్‌లో ఉన్నది మొదటి 16 యూటీఎఫ్-16 ముక్కలే కాబట్టి, ఆ గడి తీసేసిన రోజున వారంతా సరైన పాస్‌వర్డ్ కొట్టినా బయటే నిలబడతారు. పాత ఖాతాలకు పూర్తి పాస్‌వర్డ్ సరిపోలకపోతే 16 ముక్కలకు కోసి ఇంకొకసారి చూడాలి, సరిపోలితే వెంటనే కొత్తది పెట్టించాలి. ఈ వెసులుబాటుకు ఆఖరి తేదీ కూడా పెట్టండి.

ఎల్బీనగర్_లాజిక్

పరీక్షలు ఎలా రాస్తున్నారు? 72, 128, 1024 వంటి అంచులకు ఒకటి అటు, ఒకటి ఇటు ఉండే పాస్‌వర్డ్‌లు, ఆ రెండు రకాల ఐత్వాలు, ఒక ఎమోజీ, కనిపించని సంకేతం ఉన్నదొకటి, వీటన్నిటికీ రావలసిన తాళాన్ని ఒకే ఫైలులో రాసి ఆరు రిపాజిటరీలలోనూ అదే ఫైలు పెట్టండి. తెలుగు వద్దన్నవాడినే అయినా, పెట్టినప్పుడు సరిగ్గా పెట్టాలంటాను.

లిపి_లోకం

ఆ ఫైలులో పాస్‌వర్డ్‌లను అక్షరాలుగా రాయకండి, బైట్లను హెక్స్‌లో రాయండి. ఏదో ఒక ఎడిటర్ సేవ్ చేసేటప్పుడు రెండో రకం ఐత్వాన్ని మొదటి రకంగా మార్చివేస్తే, రెండు పరీక్షలూ ఒకటే అయిపోయి రెండూ నెగ్గుతాయి, ఎన్‌ఎఫ్‌సీకి మార్చే కోడ్ లేని వేదికలో కూడా.

కొండాపూర్_కీబోర్డ్

హెక్స్‌లోనే రాస్తాము. దుర్గ గారు చెప్పిన తోక విషయానికీ, చాయ్ గారు చెప్పిన 16 ముక్కల విషయానికీ విడివిడిగా టికెట్లు తెరిచాను. మ్యాక్ టెర్మినల్‌లో చదివే కోడ్ ఈ వారం మారుస్తున్నాము.